ఉన్ని పరుపులో కుట్టిన కార్డు

నా బంగారు కొడుకు జవాద్‌కి, తెత్వాన్ నుంచి మీ అమ్మ రహీమో దీవించి రాస్తున్న ఉత్తరం. దేవుడి దయవల్ల ఇక్కడ మేమంతా క్షేమం. మేమంతా అంటే నేనూ, నీ పెళ్ళాం ఇహ్సానూ, డాబా మీది కోళ్ళూ. సముద్రం అవతల స్పెయిన్‌లో, ముర్సియాలో నువ్వూ, నా మనవరాలు హిబా కూడా క్షేమంగానే ఉన్నారని అనుకుంటున్నాను. ఫోనెత్తితే అడిగేదాన్ని. ఎత్తడం లేదు కనుక అనుకుని ఊరుకుంటున్నాను.

పార్సిల్ వ్యాను సల్లామ్ పాపం అంత దూరం నుంచి తెచ్చి ఇచ్చి ఉంటాడు. అతన్ని గుమ్మంలోంచే పంపేయకు. లోపల కూర్చోబెట్టి టీ కాచి ఇవ్వు. నువ్వు కూడా కూర్చుని నింపాదిగా, ఒక్క ముక్క వదలకుండా చదువు. నా కుడి కంట్లో పొర బాగా ముదిరింది, ఎడమ కంటితో రాస్తున్నాను. గీతలు ఒకదాని మీదికొకటి ఎక్కి ఉంటే మన్నించు. చదవడానికి ఆలస్యమైనా అంతా నీకు పనికొచ్చేదే.

పోయిన నెల నువ్వు పంపిన కాఫీ పొడి, బిస్కట్ల డబ్బా అందాయి. డబ్బా అడుగున ఉత్తరం పెట్టడం తెలివైన పని. ఫోనులో పంపితే నాకు చదివిపెట్టేది ఇహ్సానే కదా. మీ కాలం వాళ్ళు మన మాటను కూడా పరాయి అక్షరాలతో రాసుకుంటారు, నాకు అరబ్బీ అక్షరాలు తప్ప మరొకటి రాదు. నువ్వు అడిగిన సంగతులు వరసగా చెబుతాను.

నా నడుం నొప్పి ఎలా ఉందని అడిగావు. చదివి నవ్వు ఆపుకోలేకపోయాను. ఆగస్టు చివర నువ్వు కారెక్కబోయే రోజు పొద్దున్నే మంచం దిగలేనని కేక పెట్టానే, అప్పటినుంచీ మంచం మీదే ఉన్నాను. "హిబాకి బడి తెరుస్తారు, దాన్ని నేను తీసుకుపోతాను. అమ్మ లేచి తిరిగేదాకా నువ్వుండు" అని నువ్వు ఇహ్సాన్‌తో అంటుంటే, దుప్పటి కింద నవ్వుకి నా పొట్ట ఎలా ఊగిందో చూశావు కాదు. పిచ్చిది కారు అద్దంలోంచి చేతులు పెట్టి హిబాకి జడ వేసి పంపింది. "వారంలో వచ్చేస్తానమ్మా" అంది.

చాకిరీలో మాత్రం వంక పెట్టడానికి లేదు. అయినా పెట్టాను. నూనె కాచి నడుముకు రాసేది, ఎత్తుకున్నంత పని చేసి స్నానానికి తీసుకెళ్ళేది, చిక్కుడు గింజల సూపు చల్లార్చి చెంచాతో పోసేది. ఒకరోజు ఉప్పు ఎక్కువైందని గిన్నె తోసేశాను. నేల తుడిచి మళ్ళీ వండింది. రెండోసారి ఉప్పే లేదని ముఖం తిప్పుకున్నాను. మంచం మీద ఊరికే పడుకున్న మనిషికి పొద్దు పోవాలి కదా.

ఆమెకు కార్డు సంగతిలో అనుమానం వచ్చిందా అని అడిగావు. ఎలా వస్తుంది నాయనా? రేవు దగ్గర మనవాళ్ళ పద్ధతే మనకు కలిసొచ్చింది. స్టీరింగు పట్టినవాడి చేతిలోనే ఇంటిల్లిపాది పాస్‌పోర్టులూ ఉంటాయి. ఆడవాళ్ళం వెనక సీట్లో దుప్పట్ల మూటల మధ్య కూర్చుంటాం. రబ్బరు బ్యాండు వేసిన కట్ట అద్దంలోంచి పోతుంది, అద్దంలోంచి వస్తుంది. ఎవరి పాస్‌పోర్టు వాళ్ళ చేతికివ్వమని ఏ ఆడదీ అడగదు, అడిగితే మొగుడి మీద నమ్మకం లేదంటారు. తాంజా రేవులో దిగేటప్పుడు మన పోలీసు పాస్‌పోర్టు మీద ముద్ర కొట్టి పంపేస్తాడు. స్పెయినువాళ్ళిచ్చిన నివాస కార్డుతో పని పడేది మళ్ళీ ఓడెక్కేటప్పుడే. కట్టలోంచి ఒక కార్డు మాయమైనా సెలవలు అయ్యేదాకా ఎవరికీ తెలియదు.

ఆ కిటుకు కనిపెట్టింది నువ్వే. కానీ "నీ దగ్గర ఉంచుకోకు, ఎప్పుడో ఒకప్పుడు నీ జేబులో దొరుకుతుంది, ఇటు తే" అని ఆమె కార్డు నీ దగ్గర తీసుకున్నది నేను. ఆ మాత్రం తెలివి నాకుందని నువ్వు మెచ్చుకున్నావు కూడా. ముందు గదిలో గోడ పక్క ఉన్ని పరుపు ఉంది కదా, దాని కుట్టు విప్పి, కార్డు ఉన్ని మధ్యలోకి దూర్చి మళ్ళీ కుట్టేశాను. ఇహ్సాన్ రోజూ దాని మీదే కూర్చుని నా కాళ్ళు పట్టేది.

అక్టోబరులో మొదటిసారి అడిగింది.

"అత్తయ్యా, నా కార్డు మీ సంచిలో ఉందని ఆయన చెప్పారు. ఒకసారి ఇస్తారా?"

"నా సంచిలో నాదొక్కటే ఉందమ్మాయ్. నీది కట్టలోంచి జారిపోయిందేమో. ఓడలో ఏం తొక్కిసలాట, ఏం తొక్కిసలాట!"

మూడు రోజులు ఇల్లంతా తిరగేసింది. నేను మంచం మీంచి సలహాలిచ్చాను. "బీరువా వెనక చూశావా?" అంటే బీరువా ఒక్కతే జరిపింది. "కోళ్ళ గూట్లో చూశావా?" అంటే అందులోనూ చెయ్యి పెట్టింది. వాళ్ళ నాన్నకు ఫోను చేస్తే, పెళ్ళయిన పిల్ల అత్తగారి దగ్గర ఉండటంలో తప్పేముందన్నాడట. స్పెయిన్ కాన్సులేటు కిటికీ దగ్గర పొద్దంతా నిలబడి వచ్చి, "ఇల్లు ఉన్నట్టు కాగితం ముర్సియా నుంచి రావాలట. ఆయన సంతకం లేకపోతే ఏం చేయలేమన్నారు" అంది. "పంపుతాడులే, పని ఒత్తిడిలో ఉన్నాడు" అన్నాను. ఆమె డాబా మీదికి పోయి ఏడ్చుకుంది. నాకు వినిపించింది. గొంతు తడారిందని, మంచినీళ్ళు తెమ్మని కేకేశాను.

ఆమె పాస్‌పోర్టులో ముద్ర చూసి తేదీ చెప్పమన్నావు. ఆ ముద్ర నుంచే నెలలు లెక్కకట్టి, బయట ఎక్కువ కాలం ఉండిపోయిందని ఆమె కార్డు తీసేయిస్తానని, ఆపైన ఎంత మొత్తుకున్నా స్పెయిన్ గడప తొక్కలేదని, పిల్ల నీ దగ్గరే ఉండిపోతుందని రాశావు. చూశాను. జూలై నెల ముద్ర, నీలం సిరా. సరదాకి నా పాస్‌పోర్టు కూడా తీసి పక్కన పెట్టాను. అదే ఓడ, అదే రోజు, అదే పోలీసు. ముద్ర కూడా ఒకే వైపు వంకర పోయింది. అత్తాకోడళ్ళకు ఇంత పొంతన ఎక్కడా ఉండదని ఆ రోజు తెగ నవ్వుకున్నాను.

టీ చల్లారిపోతుందేమో, తాగు. ఇక నా కబుర్లు చెబుతాను.

నా కంటి ఆపరేషనుకు ముర్సియా ఆసుపత్రిలో తేదీ ఇచ్చారని నీకు గుర్తుండే ఉంటుంది. నువ్వు ఫోనెత్తకపోతే ఏం, ఇన్నేళ్ళు నేనున్న నా కొడుకింటికి నేను పోలేనా అనుకున్నాను. తాంజాలో మా అక్కను చూసి వస్తానని ఇహ్సాన్‌తో చెప్పి, సల్లామ్ వ్యానులో రేవుకు బయల్దేరాను. ఆమె నమ్మింది. నడుముకు ఉన్ని గుడ్డ బిగించి కట్టింది, వీపు వెనక దిండ్లు పెట్టింది, దారిలో తినమని రొట్టె, మేకపాల చీజు మూటగట్టింది. ఇక జన్మలో దీని మొహం చూడనవసరం లేదనుకుంటూ ఆ మూట అందుకున్నాను. జాలేసిందా అంటే, లేదు. చీజు బాగుంది.

నడిచి ఓడెక్కేవాళ్ళ వరసలో నిలబడ్డాను. ఇన్నేళ్ళలో నా పాస్‌పోర్టు నా చేత్తో నేనివ్వడం అదే మొదటిసారి, కాస్త గర్వంగానే ఉంది. గాజు వెనక కుర్ర పోలీసు పేజీలు తిప్పి, "కార్డేది పెద్దమ్మా?" అన్నాడు.

నా మెడలో పచ్చ సంచి జిప్పు తీశాను. వేసవిలో నువ్వే నా కార్డు తొడుగులో పెట్టి, సంచిలో దూర్చి, జిప్పు వేసి, "జాగ్రత్తమ్మా" అని నా నుదుటి మీద ముద్దు పెట్టావు. ఆ జిప్పు నేను మళ్ళీ తీయలేదు. అప్పుడప్పుడు పైనుంచి తడిమి చూసుకునేదాన్ని, గట్టిగా, పలచగా, కార్డులాగే తగిలేది.

పోలీసు తొడుగులోంచి తీసి ఒకసారి దాన్ని చూశాడు, ఒకసారి నన్ను చూశాడు. పక్క కిటికీ వాణ్ణి పిలిచాడు.

"ఒరేయ్ మునీర్, ఇటు చూడు. పెద్దమ్మ సూపర్ బజారు కార్డుతో స్పెయిన్ పోతోంది."

"ఏదీ, ఏదీ?"

"దీని మీద నీ ఫొటో ఏది పెద్దమ్మా? ఇది చూపిస్తే వాళ్ళు వంటనూనె మీద తగ్గింపిస్తారు గానీ, దేశంలోకి రానివ్వరు."

వరసలో వాళ్ళంతా నవ్వారు. వెనకావిడ "త్వరగా తేల్చండి, ఓడ పోతుంది" అని నా వీపు మీద పొడిచింది.

"మా అబ్బాయి పెట్టాడయ్యా. పొరపాటున ఒకటి అనుకుని ఇంకొకటి పెట్టుంటాడు" అన్నాను.

అతను నవ్వు ఆపేశాడు. "కొడుకా? కొడుకు పెట్టాడా?" అని పాస్‌పోర్టు మెల్లగా నా వైపు జరిపాడు. "ఇంటికెళ్ళు పెద్దమ్మా. ఇలాంటి పొరపాట్లు ప్రతి ఏడూ చూస్తాం. పెళ్ళాలకు జరుగుతాయి. తల్లికి జరగడం మాత్రం ఇదే చూడటం."

వరసలోంచి పక్కకు జరిగి, నా మూట ఎత్తబోతే నడుము పట్టేసింది. నటన కాదు. గట్టిగా అరిచాను, ఎవరూ తిరిగి చూడలేదు.

సల్లామ్ ఫోనునుంచి నీకు చేశాను. కొత్త నంబరు కదా, ఎత్తారు. ఒక ఆడగొంతు పలికింది.

"ఆయన నిద్రపోతున్నారు, రాత్రి షిఫ్టు. ఎవరు?"

"వాళ్ళమ్మని."

"మీరక్కడే ఉండిపోతారన్నారే..." అంటూ ఆవిడ నాన్చింది. ఇంతలో హిబా ఫోను లాక్కుంది.

"నానమ్మా! నీ మంచం తీసేశాం తెలుసా? నీ గదిలో సిహామ్ ఆంటీ బీరువా పెట్టుకుంది. నీకూ అమ్మకూ అక్కడే బాగుందట కదా, నాన్న చెప్పాడు. అమ్మ నన్ను మర్చిపోయిందా నానమ్మా?"

ఫోను పెట్టేశాను. నువ్వు నన్ను ఏం చేశావో అప్పటికి పూర్తిగా అర్థమైంది నాయనా. నీ పెళ్ళాన్ని కట్టేయడానికి నేను పేనిన తాడే నా మెడకూ సరిపోతుందని నువ్వు ఎంత ముందుగా చూశావు! నీ అంత తెలివి నాకే ఉండి ఉంటే, నిన్ను కన్నందుకు ఏడ్చే పని తప్పేది. వ్యానులో ఏడ్చాను. నాకోసమే ఏడ్చాను.

ఇంటికొచ్చాక ఇహ్సాన్ గుడ్డ విప్పి నూనె కాచింది. రెండు రోజులయ్యాక ఆమె భుజం పట్టుకుని కాన్సులేటుకు పోయాను. ఆమె పని మీదే అని చెప్పి తీసుకెళ్ళాను గానీ, కిటికీ దగ్గర నోరు తెరవక తప్పలేదు. లోపలాయన నా పాస్‌పోర్టు చూసి, ఇల్లు ఉన్నట్టు కాగితం ముర్సియా నుంచి రావాలని, కొడుకు సంతకం లేకపోతే ఏం చేయలేమని చెప్పాడు. పక్కనే నిలబడి ఇహ్సాన్ అంతా విన్నది. దారిలో ఆలివ్ కాయల బేరం చేస్తూ, నా వైపు చూడకుండానే అడిగింది.

"మీది కూడా పోయిందా అత్తయ్యా? ఓడలో తొక్కిసలాటలోనేనా?"

కాయలు మరీ చిన్నవని దుకాణం వాణ్ణి తిట్టాను.

ఇక్కడిదాకా చదివావు కనుక అసలు సంగతి చెప్పేస్తాను. పోయిన శుక్రవారం భోజనాలయ్యాక కత్తెర తెమ్మన్నాను.

"దేనికి?"

"నువ్వు కూర్చున్న పరుపు కుట్టు విప్పు."

విప్పింది. ఉన్ని పిడికిళ్ళతో బయటికి తీసింది. కార్డు వచ్చింది. తన ఫొటో తానే చాలాసేపు చూసుకుంది.

"ఎవరు కుట్టారు?"

"నేనే."

"కుట్టు బాగా వేశారు."

తిడుతుందని ఎదురు చూశాను. తిట్టలేదు. ఉన్నంతా మళ్ళీ లోపలికి కూరి, సూదీ దారం తెచ్చి పరుపు కుట్టేసింది. ఆమె కుడుతుంటే నేను అన్నీ చెప్పాను. నా నొప్పి నాటకం, నీ ఉత్తరం, ముద్ర లెక్క, సిహామ్, ఆవిడ బీరువా. హిబా అడిగిన మాట కూడా ఉన్నదున్నట్టు చెప్పాను. అప్పుడొక్కసారి ఆమె చేతిలో సూది ఆగింది.

ఆమె మీద జాలితో ఇచ్చానని మాత్రం అనుకోకు. ఈ ముసలితనంలో నాకు కొత్తగా మంచితనం రాదు. నిన్ను నొప్పించాలని కూర్చుని ఆలోచిస్తే, నా చేతిలో ఆ కార్డు తప్ప మరేమీ లేదని తెలిసింది. అంతే.

నాకు తెలిసింది ఒక్కటి చెప్పాను. "అవతలి రేవులో స్పెయిన్ పోలీసు ముద్ర ఎత్తుతాడు. అక్కడ నివాసమున్నవాళ్ళకు ముద్ర పడకూడదు, పడితే చుట్టపుచూపుగా వచ్చినట్టు లెక్క. నెలల గడువు ఇంకా దాటలేదు, కార్డు ముందు పెట్టు, పాస్‌పోర్టు తర్వాత. వాడు చెయ్యి ఎత్తితే నీ చెయ్యి అడ్డం పెట్టు."

"తెలుసు అత్తయ్యా. ఇన్నేళ్ళూ వెనక సీట్లోంచి చూస్తూనే ఉన్నాను."

ఇచ్చినదానికి బదులు అడగకుండా ఉండటం నాకు చేతకాదని నీకు తెలుసు. అడిగాను. "వాడి దగ్గర నా కార్డుంటుంది. అది సల్లామ్ చేత పంపించు. ఆపరేషను తేదీ దాటిపోతే ఈ కంటికి చూపు ఇక రాదన్నారు."

ఇహ్సాన్ నా వీపు వెనక దిండు సరిచేసింది. దుప్పటి మెడదాకా కప్పింది. ఎప్పటిలాగే మెత్తగా అంది.

"తొందరేముంది అత్తయ్యా? ముందు మీ నడుం నొప్పి తగ్గనివ్వండి."

ఆమె నాకు కార్డు పంపదు. నువ్వూ పంపవు. పనులు చేసిపెట్టడానికి పక్కింటి పిల్లను మాట్లాడి వెళుతోంది. ఉప్పు ఎంత వెయ్యాలో ఆ పిల్లకు చెప్పలేదట, నన్నే చెప్పుకోమంది.

రేపు తెల్లవారుజామున సల్లామ్ వ్యానులో ఇహ్సాన్ కూడా వస్తోంది. నీకు ఉత్తరం ఇచ్చేటప్పుడు ఆమె కనపడలేదు కదూ? ముందు సీట్లోకి తొంగి చూడటానికి పరిగెత్తకు, అక్కడ ఉండదు. నువ్వు రాత్రి పనిచేసి పగలు ఇంట్లోనే ఉంటావు, హిబాను బడి నుంచి తెచ్చేది నువ్వే. అందుకని బడి వదిలే వేళకు ముందు ఈ ఉత్తరం నీ చేతికివ్వమని సల్లామ్‌కు చెప్పాను. వ్యాను బడి గేటు దగ్గర ఆమెను దింపేశాకే మీ ఇంటికి వచ్చింది. టీ అయ్యేదాకా కదలొద్దని కూడా అతనికి చెప్పాను.

వెళ్ళేముందు ఇహ్సాన్ నన్ను అడిగినది ఒక్కటే. "అత్తయ్యా, మీరు ఆయనకు ఒక ఉత్తరం రాయండి. పొడుగ్గా రాయండి" అంది. అందుకే నీ ప్రశ్నలన్నిటికీ ఇంత ఓపిగ్గా జవాబులు రాశాను. నా రాత కూడబలుక్కుని చదవడానికి ఎంతసేపు పడుతుందో ఆమెకు తెలుసు, నీకు పంపే పార్సిళ్ళకు నేను చీటీలు రాస్తుంటే చూసింది కదా. ఈపాటికి బడి వదిలేసి ఉంటారు. ఇద్దరూ ఎక్కడికి వెళతారో నేను అడగలేదు. తెలిస్తే నీకు రాసేసినా రాసేస్తాను, నా సంగతి నాకు తెలుసు.

నువ్విచ్చిన సూపర్ బజారు కార్డు ఈ కవరులోనే పెడుతున్నాను. నాకు ఇక్కడ పనికిరాదు. నూనె కొనుక్కో.

ఇట్లు,
నడుం నొప్పి నిజంగానే పట్టుకున్న
మీ అమ్మ